ఆఖరి మాట ఎక్కిందా?

జామిపుట్టు ఆసుపత్రిలో కట్లు కట్టే గది మరీ చిన్నది. ఒక బల్ల, ఒక ఇనప మంచం, కత్తెర్లు మరిగించుకునే స్టవ్వు, మూల ఒక పొట్టి స్టూలు. కిటికీ తీస్తే మిరియం పాదులు పాకిన చెట్లు, వాటి కింద కాఫీ తోట. ముంచింగిపుట్టు సంత మర్నాడు ఈ గది ముందు జనం బారు కడతారు. సంతలో తాగి పడ్డవాళ్ళు, జీపు మీంచి జారినవాళ్ళు, పుండుని పది రోజులు ఓర్చుకుని, ఇక పనికి అడ్డం వచ్చాక కొండ దిగినవాళ్ళు. వాళ్ళ కట్టు విప్పడం, కడగడం, కుట్టడం, మళ్ళీ కట్టడం సాయిదుర్గ పని. ఆరేళ్ళుగా అదే పని.

సాయిదుర్గది చీపురుపల్లి వైపు. భర్త దేవీప్రసాద్ సీలేరు కరెంటు ప్రాజెక్టులో ఉద్యోగం. ఆయన అక్కడ, ఈమె ఇక్కడ, నెలకి రెండుసార్లు కాపురం. దెయ్యాలంటే ఆమెకి భయం లేదు. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకి దెయ్యాలకి భయపడే తీరిక ఎక్కడిది? ఆమెకున్న భయమల్లా ఒక్కటే, కడుపులో ఉన్నదాని గురించి. ఆ ఏడు తొలకరికి నాలుగో నెల. అంతకు ముందు ఒకటి పోయింది. దానికి అయిదో నెలలోనే మొగుడూ పెళ్ళాం ముచ్చటపడి పేరు అనేసుకున్నారు. ఆ పేరు పెట్టుకోవడానికి మనిషి మిగల్లేదు. "కడుపులో ఉండగా పేరెడతారేటే ఎవలైనా?" అని అత్తగారు యర్రమ్మ ఒక్కసారే అంది, మళ్ళీ అనలేదు. ఆ ఒక్కసారి చాలు. ఈసారి బారసాల దాకా పేరు మాట ఎత్తకూడదని సాయిదుర్గ ఒట్టేసుకుంది.

ఆ వేసవిలో మోహన్‌కృష్ణ అనే కుర్ర డాక్టరు బదిలీ మీద వచ్చాడు. మంచివాడు. ఎక్కడో శిక్షణలో చూశాడట, కుట్లు వేసేటప్పుడు, చీము తీసేటప్పుడు రోగికి పాట వినిపిస్తే భయం తగ్గుతుంది, గుండె దడ తగ్గుతుంది, మత్తుమందు కూడా తక్కువ పడుతుంది. సొంత డబ్బుతో చిన్న స్పీకరు కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టాడు. నొప్పి కొలవడానికి ముఖాల బొమ్మల కాగితం ఒకటి గోడకి అంటించాడు. నవ్వే ముఖం దగ్గర సున్నా, ఏడ్చే ముఖం దగ్గర పది. రోగి వేలు పెట్టి చూపించాలి.

పాటలైతే ఎక్కలేదు. సినిమా పాట పెడితే కుర్రాళ్ళు కాలు ఊపేవారు, సూది కాస్తా విరిగేలా ఉండేది. ఒట్టి వేణువు పెడితే ఒక ముసలాయన మంచం మీంచి లేచి, "ఎవలు సచ్చిపోనారు?" అని అడిగాడు. డాక్టరు మొహం చిన్నబోయింది.

అప్పుడు సాయిదుర్గే చెప్పింది. "సార్, మన సోములమ్మ పాడుతుంది కదా. మీరు విన్లేదా?"

సోములమ్మ ఆ ఆసుపత్రిలో ఆయా. కొండ మనిషి. అరవై దాటాయి. కట్టు విప్పేటప్పుడు మూలనున్న స్టూలు మంచం దగ్గరికి లాక్కుని, రోగి చెయ్యి తన కుడిచేత్తో పట్టుకుని, పెదాలు కదిలీ కదలకుండా సన్నగా పాడేది. ఆ మాటలు ఒరియా కావు, తెలుగు కావు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళవి. సూది దిగినప్పుడు రోగి బదులు తనే పళ్ళ సందుల్లోంచి "స్స్..." అనేది. పాడుతున్నంతసేపూ ఎడమ గుప్పిట బిగించే ఉండేది. కట్టు పూర్తయ్యాక ఆ గుప్పిట విప్పకుండా లేచి, గడప దాటి, నలభై అడుగులు నడిచి గేటు పక్కనున్న నిలువురాయి దగ్గరికి వెళ్ళేది. రోగి పేరు పెట్టి పిలిచి, ఒక్క ముక్క పాడి, రాయి మీద గుప్పిట విప్పేది. కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుని వచ్చి చీపురు పట్టుకునేది.

"అదేంటమ్మా, ప్రతిసారీ బయటికెళ్తావు?" అని సాయిదుర్గ ఒకసారి అడిగింది.

"నొప్పి తీసీసి ఇంట్లో ఎట్టుకుంటామేటి సిస్టరమ్మా. గడప దాటించాల," అంది సోములమ్మ, అన్నం వండితే వార్చాలి కదా అన్నంత మామూలుగా.

డాక్టరు ఒకరోజు విన్నాడు. ఆ రోజు రోగి సున్నా మీద వేలు పెట్టింది. ఆయన కళ్ళు మెరిశాయి. "రికార్డు చేసేద్దాం. ఆవిడ సెలవు పెట్టినా పనికొస్తుంది."

తొలకరి వాన. చెయ్యి కోసుకున్న ఒక ఆడమనిషికి కుట్లు వేస్తుంటే సోములమ్మ పాడింది, సాయిదుర్గ ఆసుపత్రి సెల్‌ఫోను దగ్గరగా పట్టుకుంది. మూడున్నర నిమిషాలు. పాట ముగిసి సోములమ్మ గుప్పిట బిగించుకుని వానలోకి దిగింది. సాయిదుర్గ వరండా అంచుదాకా వెళ్ళింది. జల్లు ఫోను మీద పడుతోంది. వెనక నుంచి డాక్టరు, "చాలండీ, ఆ వాన చప్పుడు ఎందుకు? కట్ చేసెయ్యండి, అదే మళ్ళీ మళ్ళీ తిరిగేలా పెడదాం," అన్నాడు. ఆమె బొటనవేలితో నొక్కేసింది.

సోములమ్మ తడిసి ముద్దయి వచ్చి, కొంగు పిండుకుంటూ అడిగింది.

"ఆఖరి మాట ఎక్కినాదా సిస్టరమ్మా?"

బయట ఇంకా పదకొండు మంది ఉన్నారు. ఎక్కలేదంటే ముసలిది ఊరుకోదు, మళ్ళీ మొదటినుంచీ.

"ఎక్కిందమ్మా," అంది సాయిదుర్గ.

అది అబద్ధమని కూడా ఆమెకి అనిపించలేదు. "ఏం కాదు, చీమ కుట్టినట్టుంటుంది," అని రోజుకి నలభైసార్లు చెప్పే నోరది.

"అయితే నేను సచ్చిపోనా పరవానేదు," అని నవ్వింది సోములమ్మ.

శ్రావణంలో ఆమెకి జ్వరం వచ్చింది. కూతురు రాజకుమారి ఇంటికి తీసుకుపోయింది. వారానికి కబురొచ్చింది. ఆసుపత్రి వాళ్ళంతా వెళ్ళి దండేసి వచ్చారు. మర్నాడు గదిలో మామూలుగానే పాట మోగింది.

పాట పనిచేసింది. అదీ విచిత్రం. సోములమ్మ ఉన్నప్పటికంటే బాగా పనిచేసింది. గోడ మీద కాగితంలో సున్నా దగ్గర వేళ్ళ మురికి నల్లగా పేరుకుపోయింది. తక్కిన ముఖాలు కొత్తగానే ఉండిపోయాయి. పైనుంచి వచ్చిన ఆఫీసర్లు చూసి డాక్టరు భుజం తట్టారు. పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా ఆ గదిలో పాట తిరుగుతూనే ఉండేది, సాయిదుర్గ దాని మధ్యే తిరుగుతుండేది, ఆమె కడుపులో బిడ్డ కూడా.

ఒక్క చిన్న చిరాకు ఉండేది. రోజూ పొద్దున తాళం తీసేసరికి మూలనుండాల్సిన స్టూలు గడప దగ్గర ఉండేది. గడపకి ఆనించి, బయటికి తిరిగి. తుడిచే మనిషి పెట్టి పోతోందనుకుని సాయిదుర్గ రోజూ కాలితో మూలకి తోసేది. తుడిచే మనిషి ఆ గదిలోకి రావడం మానేసి నెలయిందని తర్వాత తెలిసింది.

ఇంకొకటి. రికార్డులో సోములమ్మ "స్స్..." అనడం ఒక్కచోటే ఉండాలి, రెండో నిమిషంలో. ఇప్పుడది ఎప్పుడు సూది దిగితే అప్పుడే వినబడుతోంది. సాయిదుర్గ పట్టించుకోలేదు. పనిలో పడితే ఎవరికి తెలుస్తుంది? చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటాయి.

భాద్రపదంలో ఒకరోజు గదిలో ఏదో కాలిన వాసన వచ్చింది. మాంసం మాడిన వాసన. సాయిదుర్గ స్టవ్వు వైపు చూసింది. కత్తెర్లు మరుగుతున్న గిన్నె అంచు మీద ఆమె ఎడమ అరచెయ్యి ఆనించి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలీదు. తీసి చూసుకుంది. చర్మం తెల్లగా ఊడి వచ్చింది. నొప్పి లేదు. మంట లేదు. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసి, మందు రాసి, కట్టు కట్టుకుంది. భయపడాలి కదా అనుకుంది. భయం కూడా రాలేదు.

తర్వాత ఒక్కొక్కరే రావడం మొదలైంది. రాగి చేలో గునపం కాల్లో దిగబడినా చూసుకోనివాడు. వేడి గంజి ఒలికినా కదలని ముసలమ్మ. అందరూ అంతకు ముందు ఆ మంచం మీద పడుకుని లేచినవాళ్ళే. డాక్టరు సుగరు చూశాడు, కుష్ఠు చూశాడు. రెండూ లేవు. రాత్రిళ్ళు పుస్తకాలు తిరగేసి కళ్ళు ఎర్రగా వచ్చేవాడు. "ఎందుకండీ ఇలా?" అని సాయిదుర్గనే అడిగేవాడు పాపం.

దసరా వెళ్ళిన వారం, స్నానం చేసి చీర కట్టుకుంటూ ఆమె కడుపు వైపు చూసుకుంది. ఎనిమిదో నెల. చర్మం కింద ఏదో గుండ్రంగా ఎగసి, ఎడమ నుంచి కుడికి జరిగి, అణిగింది. మడమో మోచెయ్యో. కంటికి కనిపిస్తోంది. లోపల ఏమీ తెలియడం లేదు. చెయ్యి వేసి చూసింది. చేతికీ తెలియలేదు.

అప్పుడు వచ్చింది భయం. బిడ్డ కదలడం మానేస్తే తనకి తెలియదు. నొప్పులొస్తే తెలియదు. ఉమ్మనీరు పోయినా, రక్తం పోయినా, బట్ట చూసుకుంటే తప్ప తెలియదు. మొదటిది పోయేటప్పుడు కనీసం నొప్పి వచ్చి చెప్పింది. ఇది చెప్పకుండానే పోతుంది. ఆమె గోడకి ఆనుకుని కూర్చుని ఏడవబోయింది, ఏడుపు సగంలో ఆగిపోయింది.

ఆ రోజే తుపాను. పొద్దున్నుంచీ ముసురు. మధ్యాహ్నం మూడింటికే మబ్బు కిటికీలోంచి లోపలికి వచ్చేసింది. కరెంటు లేదు. బస్సు రాలేదు. డాక్టరు మీటింగుకి వెళ్ళి కింద ఇరుక్కుపోయాడు. వరండాలో తడిసిన గొంగళి వాసన, లోపల డెట్టాలు వాసన. సాయిదుర్గ తలుపు వెయ్యబోతుంటే మంగ్లు వచ్చాడు.

మంగ్లు కాఫీ తోటలో పనిచేసే మనిషి. నలభై ఏళ్ళుంటాయి. రాత్రి చలి కాచుకుంటూ నిప్పుల్లో పాదం పెట్టి నిద్రపోయాడట. మూడు రోజులైంది. నవ్వుతూనే వచ్చి మంచం ఎక్కాడు.

"నొప్పి నేదు సిస్టరమ్మా. వాసనొత్తంది, ఆడది తిడతంది. అందుకొచ్చినాను."

నల్లబడ్డ చర్మం కత్తిరించాలి. సాయిదుర్గ అలవాటు కొద్దీ ఫోను వైపు చెయ్యి చాచి, ఆగిపోయింది. పొద్దున కడుపు చూసుకున్నప్పటి నుంచీ ఒక అనుమానం ఆమెని తొలుస్తోంది. వద్దు. ఈరోజు పాట వద్దు. పెడదామన్నా ఫోనులో చార్జింగు లేదు, అద్దం నల్లగా ఉంది. టార్చిలైటు బల్ల మీద నిలబెట్టి కత్తెర తీసుకుంది.

వాన చప్పుడు. కత్తెర చప్పుడు.

మొదటి ముక్క కత్తిరించింది.

"స్స్..."

మంగ్లు కాదు. వాడు కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. నోరు మూసుకునే ఉంది.

స్టవ్వేమో అనుకుంది. స్టవ్వు ఆర్పే ఉంది. రెండో ముక్క పట్టుకుంది... కత్తిరించింది.

"స్స్..."

వెనక నుంచి. మూల నుంచి. చాలా దగ్గర.

ఆమె ఆగింది. అదీ ఆగింది. వాన ఒక్కటే. కత్తెర గాలిలోనే ఉంచింది. వేళ్ళు వణకడం లేదు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. మెల్లగా, చాలా మెల్లగా... కత్తెర మొన దించింది.

"స్స్... స్స్..."

ఆ వెంటనే పాట. సన్నగా. పెదాలు కదిలీ కదలనట్టు. ఫోను బల్ల మీద చచ్చి పడి ఉంది.

"సిస్టరమ్మా," అన్నాడు మంగ్లు గుసగుసగా. "సోములత్త సచ్చిపోనాది కదా?"

ఆమె కత్తెర బల్ల మీద పెట్టేసింది.

"మరి ఆ స్టూలు మీద కూకున్నాది."

"ఏం... ఏం చేస్తోంది?"

మంగ్లు కాసేపు చూశాడు. వాడి మొహంలో భయం లేదు. వాడికి భయం కూడా మిగిలినట్టు లేదు.

"గుప్పిట ఇగించుకుని ఉన్నాది. ఆ సెయ్యి సూడు, కుండంత వాసిపోనాది. ఇంక పట్టదు దానికి." ఆగాడు. "పాపం, గడప దాటనేకపోతంది."

సాయిదుర్గ వెనక్కి తిరిగింది. తిరగకుండా ఎలా ఉంటుంది? మూల ఖాళీ. స్టూలు లేదు. తను మూలకి తోసిన స్టూలు గడప దగ్గర ఉంది. టార్చి వెలుగు అక్కడిదాకా అందీ అందడం లేదు. గడప ఇవతల సిమెంటు మీద వేళ్ళతో గీరినట్టు కొత్త గీతలు. పాట ముగిసి, రాయి దగ్గర పాడే ముక్క రాబోతూ... తెగింది. సరిగ్గా తను బొటనవేలు నొక్కినచోట తెగింది. మళ్ళీ మొదటి నుంచి మొదలైంది.

ఆమె కట్టు ఎలా కట్టిందో, మంగ్లుని ఎలా పంపిందో గుర్తులేదు. గుర్తున్నదల్లా ఒక్కటే. గడప దాటేటప్పుడు ఆ స్టూలుని తోసుకుని వెళ్ళాల్సి వచ్చింది. అది బరువుగా ఉంది.

మర్నాడు వాన వెలిసింది. పొద్దున్నే రాజకుమారి ఇంటికి నడిచింది. రెండు మైళ్ళ ఎక్కుడు, ఎనిమిదో నెల కడుపుతో. కాళ్ళు బొబ్బలెక్కినా ఏం తెలుస్తుంది కనక.

రాజకుమారి వాకిట్లో చోళ్ళు చెరుగుతోంది. ముప్పై ఏళ్ళ మనిషి. మొహం తల్లిది. సాయిదుర్గ చెప్పిందంతా విన్నది. చెరగడం ఆపలేదు.

"పోయే ముందు రోజు కూడా అడిగినాది," అంది చివరికి. "ఆఖరి మాట ఎక్కినాదో నేదో ఒకపాలి కనుక్కోవే అని. నేనే అన్నాను, సిస్టరమ్మ ఎక్కినాదని సెప్పింది కదా, ఇంక నిదరపో అని."

సాయిదుర్గ తల వంచుకుంది. "ఎక్కలేదు. నేనే ఆపేశాను. అబద్ధం చెప్పాను."

చేట ఆగింది. రాజకుమారి తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నొప్పి ఒక్కతీ రాదు సిస్టరమ్మా. దానికి అంటుకుని ఒంటి ఎరుక కూడా వచ్చెస్తాది. అంతా కలిపి గుప్పిట్లో పడతాది. రాయి కాడ పేరు పిలిస్తే, రాయి నొప్పి ఉంచుకుని ఎరుక ఎవలిది ఆలకి ఇచ్చెస్తాది. మీరు తీసుకోడవేగానీ ఇవ్వడం నేదు. మాయమ్మ ఎన్నాలు మొయ్యాల?"

"ఇప్పుడేం చెయ్యాలి?"

"పేర్లు ఉన్నాయా?"

పేర్లు ఉన్నాయి. కట్టు కట్టిన ప్రతివాళ్ళ పేరూ పుస్తకంలో రాస్తారు. సాయిదుర్గ ఎప్పుడూ అంత శ్రద్ధగా రాయని ఆ పుస్తకాన్ని, ఒక్క పేరు తప్పిపోయి ఉంటే ఏమవుతుందో అని భయపడుతూ తెరిచింది.

ఆ రోజు పదకొండు గంటలకి ఇద్దరూ నిలువురాయి దగ్గర నిలబడ్డారు. డాక్టరు ఇంకా కింద నుంచి రాలేదు. ఉంటే ఏమనేవాడో. రాజకుమారి మొదట కట్ల గదిలోకి వెళ్ళి, గడప దగ్గరి స్టూలు పక్కన వంగి, ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు పట్టుకుని, ఎడమ గుప్పిట బిగించుకుని వచ్చింది. గదిలోంచి రాయి దాకా నలభై అడుగులు నడవడానికి చాలాసేపు పట్టింది. ఆమె మోచేతి నరాలు తేలాయి.

సాయిదుర్గ పేరు చదివింది. రాజకుమారి ఆ పేరు పిలిచి, ఆ ఒక్క ముక్క పాడింది. ఇంకో పేరు. మళ్ళీ ఆ ముక్క. రెండు వందల పదిహేడు పేర్లు. మధ్యలో సన్నగా తుంపర పడింది, పుస్తకం మీద సిరా పాకింది. మంగ్లు పేరు పిలిచినప్పుడు కింద తోటలోంచి ఒక కేక వినిపించింది. కాలిన కాలు మనిషి కేక. అంత మంచి కేక సాయిదుర్గ ఎప్పుడూ వినలేదు.

ఆఖర్న తన పేరు తనే చెప్పుకుంది.

రాజకుమారి పిలిచింది. పాడింది.

ముందు అరచేతిలో మొదలైంది. నిప్పు పెట్టినట్టు. తర్వాత కాళ్ళు, నడుము, రెండు మైళ్ళ నడక అంతా ఒక్కసారి వచ్చి పడింది. ఆమె రాయి పట్టుకుని కూలబడింది. అప్పుడు లోపల్నుంచి, పక్కటెముక కింద, గట్టిగా ఒక్క తాపు. సాయిదుర్గ నవ్వుతూ ఏడ్చింది. ఏడుపు ఈసారి మధ్యలో ఆగలేదు. ఇంత నొప్పి ఇచ్చినందుకు ఆ రాయికి మొక్కింది.

కన్నీళ్ళు తుడుచుకుని చూసేసరికి రాజకుమారి ఇంకా అలాగే నిలబడి ఉంది. అరచెయ్యి విప్పింది గానీ చిటికెన వేలు మడిచే ఉంది. ఆ వేలు వైపు, తర్వాత సాయిదుర్గ కడుపు వైపు చూసింది.

"లోపలిది కూడా విన్నాది కదా, ఇన్నాలూ," అంది.

"తన్నింది. ఇప్పుడే తన్నింది," అంది సాయిదుర్గ గబగబా.

"తన్నినాది నీకు తెలిసినాది. దానికి తెలిసినాదో నేదో." గొంతు తగ్గించింది. "పేరెట్టినారా?"

సాయిదుర్గ కడుపు మీద కొంగు కప్పుకుంది. మొదటిదాని పేరు నాలిక చివరికి వచ్చి నిలబడింది.

"మా ఇళ్ళల్లో పుట్టకముందు పెట్టరు," అంది. "ఇరవై ఒకటో రోజు బారసాల. అప్పుడే."

"ఏదో ఒకటి అనీ. రాయికి ఏ పేరైనా ఒకటే."

"వద్దు రాజకుమారీ. ఒకసారి అన్నాను. నీకు తెలీదు. వద్దు."

రాజకుమారి మరి బలవంతం చెయ్యలేదు. "అయితే బారసాల కాగానే బేగి తీసుకురా," అంది. కుళాయి దగ్గరికి వెళ్ళి చెయ్యి కడుక్కుంది. చిటికెన వేలు మాత్రం నీళ్ళకి తగలనివ్వలేదు. ఆ వేలు అలాగే పట్టుకుని గదిలోకి పోయి, అందులోది మళ్ళీ స్టూలు దగ్గరే దించి, ఉత్త చేతుల్తో బయటికి వచ్చింది.

డాక్టరు వచ్చాక సాయిదుర్గ అంతా చెప్పింది. ఆయన నమ్మాడో లేదో గానీ ఫోనులో పాట తనే తుడిచేశాడు. గోడ మీద కాగితం చింపేశాడు. కట్లు కట్టడం పక్క వరండాలోకి మార్చి, ఆ గదికి తాళం వేయించాడు. తాళం చెవి సాయిదుర్గ దగ్గరే పెట్టమన్నాడు. జనం మళ్ళీ మామూలుగా అరిచారు, తిట్టారు, కుట్టు వేస్తుంటే చెయ్యి లాక్కున్నారు. ఆసుపత్రి ఆసుపత్రిలా ఉంది.

పురిటికి చీపురుపల్లి వెళ్దామనుకుంది గానీ పది రోజుల ముందే నొప్పులొచ్చేశాయి. నొప్పులు. ఒక్కొక్కటీ నడుము విరిచేసినట్టు వస్తుంటే ఆమె పళ్ళు బిగించి లెక్కపెట్టుకుంది, సంతోషంతో లెక్కపెట్టుకుంది. మంచు పట్టిన పొద్దున్న జామిపుట్టులోనే కాన్పయింది. ఆడపిల్ల. రెండు కేజీల ఎనిమిది వందలు.

పిల్ల ఏడవలేదు. డాక్టరు అరికాలి మీద కొట్టాడు, ముక్కూ నోరూ శుభ్రం చేశాడు, వీపు రాశాడు. ఊపిరి బాగానే ఉంది. ఒళ్ళు గులాబీ రంగు తిరిగింది. కళ్ళు తెరిచి అందర్నీ చూసింది. ఏడవలేదంతే.

"కొందరు ఇలాగే పుడతారు," అన్నాడు డాక్టరు. సాయిదుర్గ మొహం చూడకుండా అన్నాడు.

రెండో రోజు యర్రమ్మ బాలింతకి పెట్టే కాయం మందు పట్టుకుని దిగింది. మనవరాల్ని ఒళ్ళో వేసుకుని మురిసిపోయింది. డ్యూటీలో ఉన్న నర్సు బిందుమాధవి పిల్లకి క్షయ రాకుండా వేసే టీకా తెచ్చింది. ఎడమ జబ్బకి వేస్తారది, పైతోలు కింద. ఎంత పెద్ద గుండె ఉన్న పిల్లైనా ఆ సూదికి ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడుస్తుంది. సాయిదుర్గ దుప్పటి గుప్పిట్లో పట్టుకుంది. ఏడువమ్మా. ఒక్కసారి ఏడువు.

సూది దిగింది. చర్మం చిన్న పొక్కులా లేచింది. పిల్ల కప్పు వైపు చూస్తూ ఆవలించింది.

"సూసేవా, ఎంత బుద్దిమంతురాలో," అంది యర్రమ్మ. "మా గుంట సూదికి బెదర్నేదు."

బిందుమాధవి ట్రే తీసుకుని వెళ్ళిపోయింది. యర్రమ్మ వేణ్ణీళ్ళకి వెళ్ళింది. సాయిదుర్గ తలుపు వైపు ఒకసారి చూసి, పిల్ల పాదం చేతిలోకి తీసుకుంది. బొటనవేలంత కూడా లేని మడమ. గోరు ఆనించింది. తల్లి చెయ్యాల్సిన పని కాదది. గట్టిగా గిల్లింది.

పిల్ల ఆమెనే చూస్తోంది. ప్రశాంతంగా.

మంచం పక్క గోడకి అవతల, తాళం వేసిన గదిలో...

"స్స్..."

ఇప్పుడే పేరు పెట్టేస్తాను, అనుకుంది. ఏ పేరైనా ఒకటే అంది కదా. రాజకుమారికి కబురు పెడతాను. నోరు తెరిచింది. వేల పేర్లున్నాయి లోకంలో. వచ్చింది ఒక్కటే. పోయినదాని పేరు. రెండు చేతులతో నోరు మూసుకుంది.

గోడ అవతల సిమెంటు మీద స్టూలు కాళ్ళు గీరుకున్న చప్పుడు. గడప వైపు... కొంచెం. ఇంకొంచెం.

యర్రమ్మ చెంబుతో లోపలికి వస్తూ ఆగింది. "ఆ గదిలో ఎవలైనా ఉన్నారేటే? ఎవలో ముసిలోలు పాడతన్నట్టున్నాది."

సాయిదుర్గ దిండు కింద చెయ్యి పెట్టి చూసుకుంది. తాళం చెవి అక్కడే ఉంది. బారసాలకి ఇంకా పందొమ్మిది రోజులుంది.